పాత ఇంట్లో బాత్రూమ్ కుళాయిలు మీరే మార్చుకోవాలంటే

కొత్త కుళాయి బిగించడానికి పావుగంట చాలు. పాత ఇంట్లో శ్రమంతా పాతదాన్ని ఊడదీయడంలోనే ఉంది. మా ఇల్లు కట్టి 40 ఏళ్లు దాటింది. నీళ్ల పైపులన్నీ జీఐవి, అన్నీ గోడల్లోనే. కుళాయిలు, షవర్, వాష్ బేసిన్ కింది సామాను, ఫ్లష్ ట్యాంకు లోపలి వాల్వులు అన్నీ నేనే మార్చుకుంటూ వచ్చాను. అందుకే ఈ పనికి దిగేవారు ఎక్కడ నిదానించాలో, ఎక్కడ ఆగిపోవాలో చెప్పగలను. పానా పట్టే ముందే ఒక విషయం మనసులో పెట్టుకోండి. కుళాయిని తిప్పుతున్నామని మనం అనుకుంటాం గానీ, ఆ బలం గోడలోపలి పైపు మీద పడుతుంది. కుళాయి చెడితే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. లోపలి ఎల్బో, అంటే పైపును మలుపు తిప్పే ముక్క, చిట్లితే గోడ పగలగొట్టాలి.

జీఐ పైపు అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి పూత అరిగిపోయి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక నీటిదారి ఇరుకవుతూ వస్తుంది. మర కోసిన చోట పైపు మందం ముందే తగ్గి ఉంటుంది, అందుకే అక్కడ అన్నిటికంటే ముందు బలహీనపడుతుంది. దానికి తోడు ఇత్తడి కుళాయి, ఇనుప పైపు కలిసిన చోట తడి తగిలితే ఇత్తడి బాగానే ఉండి ఇనుము వేగంగా తినబడుతుంది. బయటికి మెరుస్తూ కనిపించే పాత ఇత్తడి కుళాయి వెనక మర పొడిపొడిగా రాలడానికి కారణం ఇదే.

కాబట్టి మొదట మీ ఇంట్లో ఉన్నవి ఏ పైపులో తెలుసుకోండి. కుళాయి వెనక ఉన్న చిన్న తొడుగు పళ్లెం జరిపి, కనిపించే పైపు ముక్క దగ్గర అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము. మీగడ రంగు ప్లాస్టిక్ అయితే సీపీవీసీ, ఎర్రగా ఉంటే రాగి. బాగా పాత ఇళ్లలో మెత్తగా, బూడిదరంగులో ఉన్న పైపు కనిపించి, అయస్కాంతం అతుక్కోక, నాణెంతో గీస్తే వెండిలా మెరిస్తే అది సీసం. సీసం కనిపిస్తే పని అక్కడే ఆపండి. దాన్ని కదిపితే నీళ్లలోకి సీసం మరింత చేరుతుంది. ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం మానేసి, ఆ పైపులు తీసి మార్చగలిగే ప్లంబరును పిలవాలి. అది కుళాయి మార్చుకునే పని పరిధి దాటిన విషయం.

అసలు మార్చాలా?

కుళాయి కారుతోందని అనగానే మార్చేయనక్కర్లేదు. తిప్పి తిప్పి కట్టేసే పాతకాలపు కుళాయిలో స్పిండిల్ (పిడితోపాటు తిరిగే కాడ) చివర చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. అది గట్టిపడి చీలితే నీళ్లు కారతాయి. నీళ్లు కట్టేసి, పైన ఉన్న నట్టు విప్పి, స్పిండిల్ బయటికి తీసి వాషర్ మార్చితే సరి. కుళాయి ఒళ్లు గోడ నుంచి కదలదు, పైపుకు ఏ ప్రమాదమూ లేదు. బరువైన పాత ఇత్తడి కుళాయిని తీసేసి, చేతిలో పట్టుకుంటే బరువే తెలియని కొత్తదాన్ని పెట్టడం నాకు మనస్కరించదు. ఒళ్లు పగిలినా, వాషర్ కూర్చునే లోపలి గద్దె గుంటలు పడినా, మర దగ్గర చెమ్మ ఊరుతున్నా అప్పుడు మార్చండి.

నీళ్లు కట్టడం

బాత్రూమ్‌కు నీళ్లు వచ్చే గేట్ వాల్వును ఏళ్ల తరబడి ఎవరూ తిప్పి ఉండరు. దాని చక్రానికి పానా తగిలించి బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరుగుతుంది, నీళ్లను అడ్డగించే లోపలి తలుపు సగంలో ఇరుక్కుపోతుంది. చేత్తోనే కొద్దిగా కుడికి, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి, అలా కొంచెం కొంచెంగా పెంచుతూ తిప్పండి. కాడ చుట్టూ నీళ్లు చెమరిస్తే చక్రం కింద ఉన్న నట్టును రవ్వంత బిగించండి, ఆగిపోతుంది. ఎంత తిప్పినా నీళ్లు పూర్తిగా ఆగకపోతే ఆ వాల్వు పనికిరాదు. అప్పుడు ట్యాంకు దగ్గర గానీ, ఇంటికి నీళ్లు వచ్చే చోట గానీ కట్టి, మొట్టమొదట ఈ వాల్వునే తీసి, పిడి పావు చుట్టు తిప్పితే నీళ్లు ఆగే బాల్ వాల్వు పెట్టించండి. నమ్మదగిన వాల్వు లేకుండా గోడలోపలి మర జోలికి వెళ్లడం నాకు అస్సలు సమ్మతం కాదు.

గీజరు ఉంటే ముందు దాని మెయిన్ స్విచ్ ఆపండి. తరవాత దానికి నీళ్లు వెళ్లే వాల్వు కట్టండి. పనంతా అయి, వేడినీళ్ల కుళాయిలో గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా ఆ స్విచ్ వేయకూడదు. నీళ్లు లేని గీజరులో హీటరు నిమిషాల్లో కాలిపోతుంది. ఇక ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి పైపుల్లో మిగిలిన నీళ్లు వదిలేయండి.

కొనే ముందు కొలతలు

బాత్రూమ్ కుళాయిల్లో చాలావరకు అర అంగుళం మరవే. కానీ స్కేలు పెట్టి చూస్తే మర బయటి వ్యాసం 21 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు కదా అని కొత్తవారు కంగారుపడతారు. ఆ పేరు పాతకాలపు పైపు లోపలి కొలతను బట్టి వచ్చింది, మరను బట్టి కాదు. ప్రపంచంలో వాడుకలో ఉన్న రెండు ప్రధాన పద్ధతుల్లోనూ, బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీలోనూ అమెరికన్ పద్ధతి ఎన్‌పీటీలోనూ, అర అంగుళం పైపుకు అంగుళానికి 14 మరలే. అయితే బీఎస్‌పీలో మర కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీలో 60. ఒకదాన్ని ఇంకొకదానిలో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి, తరవాత బిగిసి, చివరికి కారుతుంది. అందుకే పాత ముక్క ఊడి చేతికి వచ్చాక దాన్ని పట్టుకెళ్లి సరిచూసి కొనడమే మేలు.

వేడి, చల్ల నీళ్లు కలిపే వాల్ మిక్సరుకు రెండు పైపుల నడుమ దూరం మధ్య నుంచి మధ్యకు 150 మిల్లీమీటర్లు ఉండేలా తయారు చేస్తారు. పాత గోడలో అది 140 ఉండవచ్చు, 160 ఉండవచ్చు. మిక్సరుతో వచ్చే వంకర యూనియన్లు (పైపుకూ మిక్సరుకూ నడుమ బిగించే ముక్కలు) ఆ తేడాను కొంతవరకు సర్దుతాయి. కొలిచి చూశాకే కొనండి. పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికించిన గోడల్లో సాకెట్, అంటే కుళాయి మర దిగే పైపు మూతి, బాగా లోపలికి పోయి ఉంటుంది. టార్చి వేసి టైలు అంచు నుంచి సాకెట్ మూతి దాకా లోతు కొలిచి, అంత పొడవున్న ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపుల్ (మర ఉన్న పొట్టి పైపు ముక్క) తీసుకోండి.

షవర్ కొనేవారికి ఇంకో మాట. నీటి ఒత్తిడి 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్. పైకప్పు మీది ట్యాంకులో నీటిమట్టం షవర్‌కు 3 మీటర్ల పైన ఉంటే మీకు దక్కేది 0.3 బార్, అందులోనూ తుప్పు పట్టిన పైపు కొంత మింగేస్తుంది. పళ్లెమంత వెడల్పున్న షవర్ పెట్టెమీద కనీస ఒత్తిడి 1 బార్ అని రాసి ఉంటే, అది మీ ఇంట్లో చినుకులు రాల్చడానికి తప్ప పనికిరాదు. ఒత్తిడి తక్కువున్న ఇంటికి చిన్న షవర్, దారి వెడల్పుగా ఉన్న కుళాయి ఎంచుకోండి.

కొనేటప్పుడే అర అంగుళం ఎండ్ ప్లగ్గులు రెండు తెచ్చుకోండి. పని మధ్యలో ఆగిపోతే గోడ సాకెట్‌కు ప్లగ్ బిగించి, మిగతా ఇంటికి నీళ్లు వదలవచ్చు. చీకటిపడే వేళ నీళ్లు లేని ఇంట్లో కంగారుగా చేసే పని ఎప్పుడూ చెడుతుంది. ఉదయమే మొదలుపెట్టండి.

ఊడదీయడం

నానబెట్టే పని మాత్రం ముందురోజు రాత్రే మొదలవ్వాలి. కుళాయి గోడను కలిసే చోట నీళ్లలోని సున్నం గారలా గడ్డకట్టి ఉంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఉంచండి. గోడకు పాలరాయి ఉంటే మాత్రం వద్దు, ఆమ్లం పాలరాయిని తినేస్తుంది. ఉదయం గార గీకేసి, మర మొదట్లో తుప్పు వదిలించే నూనె చల్లి, నానడానికి కొన్ని గంటలు వదిలేయండి. నడుమ నడుమ పానాతో కుళాయి మెడ మీద మెల్లగా తట్టండి. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది.

తరవాతది చాలామంది వదిలేసే పని. సన్నని మార్కరుతో ఒకే గీత గీయండి. అది కుళాయి మెడ మీద మొదలై, దాని వెనక ఉన్న నిపుల్ మీదుగా గోడ టైలు మీదికి తిన్నగా రావాలి. ఇప్పుడు రెండు పానాలు కావాలి. పైపు పానాతో నిపుల్‌ను కదలకుండా పట్టుకోండి, రెండోదాన్ని కుళాయి మెడకు తగిలించండి. మొదట బిగించే వైపు ఒక్క రవ్వ తిప్పి, అప్పుడు విప్పే వైపు ఒత్తిడి పెంచుతూ పోండి. ఒక్కసారిగా కుదపవద్దు. గీతను చూస్తూ ఉండండి. కుళాయి మీది గీత ముక్క పక్కకు జరిగి, నిపుల్ మీదిది, టైలు మీదిది ఒకే వరసలో ఉంటే సరైన చోట విడుతోందన్నమాట. నిపుల్ గీత టైలు గీత నుంచి జరిగితే విడుతున్నది గోడలోపలి మర. వెంటనే ఆగండి. చేతికి తెలిసే తేడా కూడా ఒకటుంది. మర విడిపోయేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడుతో బిగువు ఒక్కసారి సడలుతుంది. చప్పుడేమీ లేకుండా సాగుతున్నట్టు, మెత్తగా లొంగుతున్నట్టు అనిపిస్తే పైపు మెలితిరుగుతోంది.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన ప్లంబరు. ఆయన మొదటిరోజే, "అమ్మా, కుడిచేతి బలం సంగతి తరవాత చూద్దాం, ముందు ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకో" అన్నారు. ఇన్నేళ్లూ ఆ మాటే నా గోడలను కాపాడింది.

కుళాయి నేరుగా గోడలోని ఎల్బోలోకే దిగి, పట్టుకోవడానికి నిపుల్ లేకపోతే నూనెకు ఇంకా ఎక్కువ సమయం ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే హీట్ గన్‌తో కుళాయి మెడను వేడి చేయవచ్చు. అయితే పైపులో నీళ్లు లేకుండా, కుళాయి తెరిచి ఉండాలి, లేకపోతే లోపల ఆవిరి చేరుతుంది. పక్కన సీపీవీసీ ఉంటే వేడి జోలికే వెళ్లవద్దు. టైలు మీద వేడి పడితే పగులుతుంది, తడిగుడ్డ అడ్డం పెట్టండి.

కుళాయి ఊడి, దాని మర ముక్క మాత్రం సాకెట్‌లోనే విరిగి ఉండిపోవడం పాత ఇళ్లలో మామూలే. హాక్సా బ్లేడు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకోండి. ముక్క లోపలి వైపు నుంచి, పొడవునా, ఒక కోత కోయండి. దానికి వేలెడు దూరం లేకుండా, దగ్గరలోనే ఇంకో కోత. ఇక్కడ తొందర పనికిరాదు. నాలుగైదు రాపిళ్లకోసారి ఆగి టార్చి వేసి చూడాలి. ముక్క మందం దాదాపు తెగి, దాని కింద సాకెట్ మర అంచు కనిపించబోతుండగా ఆపేయాలి. అప్పుడు సన్నని ఉలిని ఆ రెండు కోతల నడుమ పెట్టి, మెల్లగా తట్టి, ఆ పట్టీని లోపలికి వంచితే మిగతా ముక్క వదులై చేతికి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుప రజను కంట్లో పడితే చాలా ప్రమాదం.

ముక్క వచ్చాక తీగ బ్రష్షుతో సాకెట్ మర శుభ్రం చేసి, మళ్లీ టార్చి వేసి చూడండి. మర గట్లు తెలుస్తూ గట్టిగా ఉంటే ముందుకు సాగవచ్చు. పెచ్చులుగా రాలుతూ, స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే గుంట పడుతుంటే, ఎంత టేపు చుట్టినా నిలవదు. ప్లగ్ బిగించి ప్లంబరును పిలవండి. ఆ ఎల్బో మార్చాలంటే గోడ తెరవాలి.

బిగించడం

కొత్తది పెట్టే ముందు సాకెట్ కింద బకెట్ పట్టుకుని, ఒకరిని వాల్వు కొన్ని సెకన్లు తెరవమనండి. ఎర్రటి నీళ్లు, తుప్పు పెళ్లలు బయటపడతాయి. ఇవి పోకుండా కొత్త కుళాయి పెడితే దాని లోపలి సిరామిక్ బిళ్లల మధ్య ఇసుకరేణువు ఇరుక్కుని మొదటిరోజే గీతలు పడతాయి. కుళాయి మూతి దగ్గరున్న జల్లెడ కూడా మొదటి వాడకానికి తీసి ఉంచి, నీళ్లు తేటగా వచ్చాక పెట్టండి.

టేపు లేకుండా కొత్త కుళాయిని ఒకసారి చేత్తో ఎక్కించి చూడండి. కనీసం మూడు చుట్లు సాఫీగా ఎక్కాలి. వంకరగా ఎక్కుతుంటే మర దెబ్బతింటుంది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. తరవాత టెఫ్లాన్ టేపు. మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, కుడివైపుకు, అంటే కుళాయి బిగిసే దిశలోనే చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దకడుతుంది. మొదటి మర ఖాళీగా వదిలేయండి, టేపు ముక్కలు నీటిదారిలో పడవు. పలుచని టేపు పది పన్నెండు చుట్లు పడుతుంది. అరిగిన పాత ఇనుప మరకు మాత్రం నా ఓటు జనపనారకే. ప్లంబరు పేస్టు రాసి నార చుడితే, తడికి ఉబ్బి సందులు మూసుకుంటుంది. కుళాయి తిన్నగా రావడానికి కొంచెం వెనక్కి తిప్పినా అది ఓర్చుకుంటుంది. టేపు ఓర్చుకోదు. టేపుతో బిగించాక వెనక్కి తిప్పారంటే, మొత్తం తీసి కొత్తగా చుట్టాల్సిందే.

రబ్బరు వాషర్ ఉన్న కనెక్షన్ పైపు నట్లకు టేపు చుట్టకూడదు. అక్కడ నీళ్లను ఆపేది వాషరే. టేపు వల్ల నట్టు వాషర్ మీద సరిగ్గా కూర్చోదు. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే చాలు.

వాష్ బేసిన్ కింద పని కొంత సులువు. యాంగిల్ వాల్వు (గోడ దగ్గర నీళ్లు కట్టే చిన్న వాల్వు), కనెక్షన్ పైపులు, వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగున నీళ్లు పోయే ముక్క), బాటిల్ ట్రాప్ (దాని కింద సీసాలా ఉండే భాగం) అన్నీ కంటికి కనిపిస్తాయి. పాత కనెక్షన్ పైపులు బాగానే ఉన్నట్టు కనిపించినా కొత్తవి వేయండి, అల్లిన తీగ లోపల రబ్బరు చీలిందో లేదో బయటికి తెలియదు. బిగించేటప్పుడు పైపు మెలిపడకుండా చూసుకోండి. ట్రాప్ విప్పే ముందు కింద బకెట్ పెట్టండి. అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి, కాలువ వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. అలెగ్జాండర్ కమింగ్ 1775లో వంపు తిరిగిన పైపుకు పేటెంటు పొందింది ఈ సూత్రంతోనే. ట్రాప్ తీసి ఎక్కువసేపు ఉంచాల్సి వస్తే గోడ రంధ్రంలో గుడ్డ కుక్కండి.

ఫ్లష్ ట్యాంకులో నీళ్లు ఆగకుండా కారుతుంటే ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట తరవాత కమోడ్‌లో చూడండి. నీళ్లు పొర్లు గొట్టంలోకి పోకుండానే రంగు కనిపిస్తే అడుగున ఉన్న రబ్బరు మూత మార్చాలి. నీళ్లు పైకి పొంగి, పొర్లు గొట్టంలోకి పోతుంటే మాత్రం నింపే వాల్వు సరిచేయాలి. కమోడ్‌ను మాత్రం నేను కదపను. పాత ఇళ్లలో దాన్ని సిమెంటుతో కూర్చోబెట్టి ఉంటారు, ఊడదీస్తే పగులుతుంది, కింది మట్టి గొట్టం కూడా దానితోపాటు చిట్లవచ్చు. అది ప్లంబరు చేతి పనే.

పరీక్ష

కుళాయిలన్నీ తెరిచి ఉంచి వాల్వును మెల్లగా తిప్పండి. గాలి బుసలు కొడుతూ పోయి ధార స్థిరపడ్డాక ఒక్కొక్కటిగా కట్టండి. ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి, పొడి టిష్యూ కాగితంతో చుట్టూ అద్ది చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చ వేస్తుంది. గంట తరవాత ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి మళ్లీ అద్దండి. నీటి మీటరు ఉంటే రాత్రి అన్నీ కట్టేసి అంకెలు రాసుకుని, ఉదయం పోల్చుకోండి.

గోడకు అవతలి వైపు గదిలో, కింది అంతస్తు ఉంటే దాని పైకప్పు మీద, వారం రోజులు ఓ కన్ను వేసి ఉంచండి. రంగు ఉబ్బినా, చేతికి చల్లగా తగిలినా చెమ్మ లోపలి అతుకు నుంచే వస్తోంది. అప్పుడు కుళాయిని ఇంకా బిగించే ప్రయత్నం చేయవద్దు. వాల్వు కట్టేసి ప్లంబరును పిలిచి, ఏ రోజున ఏ మరను కదిపారో ఆయనకు చెప్పండి, గోడ ఎక్కడ తెరవాలో సరిగ్గా తెలుస్తుంది.